ఓడినవాని పేరు నిలిచిన ఆట

లోకములో గెలిచినవాని పేరు నిలుచుట పరిపాటి. కోటను పట్టిన రాజు పేరు శాసనమునకెక్కును. కోటను పోగొట్టుకొన్నవానిని తలచుకొనువారు తక్కువ. చదరంగ చరిత్రలో మాత్రము ఇందుకు విరుద్ధమైన ఉదంతమొకటి కలదు. 1918వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన న్యూయార్కు నగరములో ఇద్దరు మేటి ఆటగాండ్రు తలపడిరి. ఒకడు తన బంటునొకదానిని బలియిచ్చి, ఎదుటివాని రాజుపై భయంకరమైన దాడి సాగించెను. రెండవవాడు ఆ దాడికి తట్టుకొని నిలిచి, 36 ఎత్తులలో ఆటను గెలిచెను. నూరేండ్లు దాటిన పిమ్మట కూడ ఆ ఆటలోని ఆరంభమును లోకమంతయు ఓడినవాని పేరుతోనే పిలుచుచున్నది. దానికి ‘మార్షల్ దాడి’ యని పేరు.

ఓడిపోయిన ఎత్తుగడకు ఇంతటి ఆయుర్దాయము ఎట్లు కలిగినది? ఒక ఆట ఫలితమునకును, ఆ ఆటలోని ఆలోచన విలువకును గల సంబంధమెంత? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ ఆటలోను, దాని తరువాతి కథలోను వెదకవలసియున్నది.

ఇరువురు ప్రత్యర్థులు

ఫ్రాంక్ మార్షల్ 1877లో న్యూయార్కులో జన్మించెను. అతని ఆటలో దూకుడు ఎక్కువ. పావులను లెక్కపెట్టి దాచుకొను స్వభావము అతనికి లేదు; దారి దొరికినచో బలియిచ్చి ముందునకు దూకుటయే అతనికి ప్రీతి. ఇక ఓటమి తప్పదని చూపరులు పెదవి విరిచిన స్థితిలోనుండి కూడ ఏదో ఒక మెలిక పెట్టి బయటపడుటలో అతడు ప్రసిద్ధుడు. 1909 మొదలు 1936 వరకు అమెరికా విజేత బిరుదు అతనిదే. 1907లో ప్రపంచ విజేతయైన ఇమాన్యుయేల్ లాస్కరుతో బిరుదు కొరకు పోరాడి, ఒక్క ఆటయైనను గెలువలేక వెనుదిరిగినవాడును అతడే.

హోసే రౌల్ కాపాబ్లాంకా క్యూబా దేశీయుడు. 1888లో హవానా నగరములో పుట్టెను. అతని ఆట మార్షల్ ఆటకు పూర్తిగా భిన్నమైనది. ఆర్భాటము లేదు, తొందర లేదు. ఏ పావు ఎచ్చట నిలువవలయునో అచ్చట నిలుచును. ఎదుటివాడు ఎచ్చట చిక్కుకొన్నాడో తెలియకమునుపే ఆట చేయి జారును. 1909లో, ఇరువదియేండ్ల ప్రాయమున, అతడు మార్షల్‌తో ఒక పోటీ ఆడెను. అప్పటికి మార్షల్ పేరుమోసిన మల్లుడు. కాపాబ్లాంకా కొత్తగా వచ్చిన యువకుడు. కాని ఫలితము అందరిని దిగ్భ్రమ పరచెను. యువకుడు 8 ఆటలు గెలిచి, ఒక్కటి మాత్రమే ఓడెను. 14 ఆటలు సమానముగా ముగిసెను.

1916 మొదలు 1924 వరకు కాపాబ్లాంకా పోటీలలో ఒక్క ఆటయు ఓడలేదు. న్యూయార్కు పోటీ ఈ అజేయకాలమునందే జరిగినది. ఐరోపాలో మొదటి మహాయుద్ధము ఇంకను ముగియలేదు. ఈ ఆట జరిగిన పందొమ్మిది దినములకు గాని సంధి కుదురలేదు. పోటీలో పాల్గొన్నవారు ఏడుగురు. ఒక్కొక్కరు మిగిలినవారితో రెండేసి ఆటలు ఆడవలయును.

ఆరంభము

తెల్లపావులు కాపాబ్లాంకాకు వచ్చెను. అతడు రాజు ముందరి బంటును రెండు గడులు నడపెను. మార్షల్ అట్లే బదులిచ్చెను. తెల్లగుర్రము బయటికి వచ్చి నల్లబంటును బెదరించెను. దానిని కాపాడుటకు నల్లగుర్రము వచ్చెను. మూడవ ఎత్తున కాపాబ్లాంకా తన శకటును ఆ గుర్రముమీదికి పంపెను. దీనినే ‘రూయ్ లోపెజ్’ ఆరంభమందురు. 1561లో చదరంగముపై ఒక గ్రంథము వెలువరించిన స్పెయిను దేశపు మతాచార్యుని పేరు అది. ఇందలి యుక్తి సులువుగా బోధపడును. బంటును కాచుచున్నది గుర్రము. కాపలావాని మీద ఒత్తిడి పెట్టినచో, కాపాడబడు వస్తువు నేడు కాకున్న రేపైనను చేతికి చిక్కును.

ఆ పిదప ఇరువురును రాజులను కోటలో దాచిరి. మన దేశవాళీ ఆటకు అలవాటుపడినవారికి ఈ కోట కట్టుట కొత్తగా తోచవచ్చును: రాజు రెండు గడులు ప్రక్కకు జరుగును, మూలనున్న ఏనుగు రాజును దాటి వచ్చి ప్రక్కన నిలుచును. ఒక్క ఎత్తులో రాజునకు రక్షణ, ఏనుగునకు దారి – రెండును సమకూడును.

ఎనిమిదవ ఎత్తున కాపాబ్లాంకా మంత్రి ప్రక్కనున్న శకటు ముందరి బంటును ఒక గడి జరిపెను. తరువాత మంత్రి ముందరి బంటును నడుమకు తోలి, బల్ల మధ్యభాగమును ఆక్రమింపవలయునని అతని ఉద్దేశము. ఇట్టిచోట నల్లవాడు తన మంత్రి ముందరి బంటును ఒక్క గడి మాత్రము నడపి, నడుమనున్న తన బంటునకు దన్ను ఇచ్చుట వాడుక. మార్షల్ ఆ బంటును ఒక గడి కాదు, రెండు గడులు నడపెను.

చూచుటకు ఒక గడి తేడాయే. కాని ఆట స్వరూపమే మారిపోయెను. తెల్లబంటు ఆ బంటును పట్టెను. నల్లగుర్రము తెల్లబంటును పట్టి నడుమ నిలిచెను. ఇప్పుడు నల్లవాని రాజు ముందరి బంటునకు తగిన కాపు లేదు. తెల్లవాడు కోరినచో దానిని ఊరక తీసికొనవచ్చును. అదియే మార్షల్ చూపిన ఎర.

బంటునకు బదులు కాలము

చదరంగములో బలియన్నది దానము కాదు. అది ఒక వర్తకము. ఇచ్చినదానికి తగినది రాకున్నచో అది మూర్ఖత్వము. మార్షల్ ఒక బంటునిచ్చి ఏమి పొందినాడు? మొదటిది కాలము. ఆ బంటును పట్టుటకు తెల్లగుర్రము రాజు కడనుండి కదలవలెను; వెంటనే అది నల్లగుర్రముతో మార్పిడియై బల్లనుండి తొలగును. కోటకు కావలి కాయు గుర్రము పోయినట్లే. రెండవది, మంత్రి వైపున తెల్లవాని ఏనుగు, గుర్రము, శకటు – మూడును పుట్టినచోటనే ఉన్నవి. మూడవది, నల్లశకటులు రెండును తెల్లరాజు వైపునకు గురి చూచుటకు దారి తెరచుకొన్నది. ఒక బంటు తక్కువైనను, యుద్ధము జరుగుచోట సైన్యము మార్షల్‌దే ఎక్కువ.

కాపాబ్లాంకా పదవ ఎత్తు వేయుటకు ముందు ఆగి ఆలోచించెను. తరువాతి కాలమున ఈ ఆటకు వ్రాసిన వ్యాఖ్యలో అతడు ఆనాటి తన మనఃస్థితిని దాచలేదు. బంటును తీసికొన్నచో ఘోరమైన దాడికి గురికావలసివచ్చునని అతనికి తెలియును. ఆ దాడిలోని దారులన్నియు ఎదుటివానికి ముందే పరిచితములై యుండునని కూడ తెలియును. తానో, ప్రతి ఎత్తును బల్లవద్ద కూర్చుండి అప్పటికప్పుడు కనుగొనవలసినవాడు. ఐనను పోరాటపు ఉత్సాహము అతనిలో చెలరేగెను. తన వివేకమునకు ఒకడు సవాలు విసరినప్పుడు వెనుకకు తగ్గుట మర్యాద కాదని తోచెను. బంటును తీసికొనెను.

ఇది వట్టి పౌరుషమనుకొనరాదు. బల్లమీది స్థితిని చూచి, తన రాజునకు రక్షణ కలదని నమ్మినందుననే అతడు పౌరుషమునకు చోటిచ్చెను. అన్ని దారులును చివరివరకు లెక్కించుట ఎవరికిని సాధ్యము కాదు. కొంతవరకు లెక్క; ఆపైన విచక్షణ.

దాడి

గుర్రములు మార్పిడియైన పిదప మార్షల్ నడుమనున్న తన రెండవ గుర్రమును రాజు వైపునకు మరల్చెను. కాపాబ్లాంకా తన ఏనుగును మొదటి వరుసకు చేర్చుకొనెను. నల్లశకటు తెల్లకోటకు ఎదురుగా నిలిచెను. పదమూడవ ఎత్తున తెల్లవాడు అంచు బంటును ఒక గడి జరిపి, ఆ వైపునకు నల్లపావులు రాకుండ అడ్డుకట్ట వేసెను. మార్షల్ గుర్రము ఆ అడ్డుకట్టను లెక్కచేయక, సరిగా ఆ బంటు నోటికి చిక్కు గడిలోనే పోయి నిలిచెను!

దానిని పట్టినచో నల్లమంత్రి దూసికొనివచ్చి తెల్లకోటను ఛేదించును. కాపాబ్లాంకా దానిని పట్టలేదు. తన మంత్రిని రాజు ముంగిటికి తెచ్చెను. ఈ ఒక్క ఎత్తు రెండు పనులు చేసినది. ఒకటి, రాజునకు కాపు. రెండవది, అచ్చటి మంత్రియు, దూరముననున్న తెల్లశకటును కలసి నల్లరాజు ప్రక్కనున్న ఒక బంటుమీద గురి నిలిపినవి. ఆ గురిని పాఠకులు మరువకుందురుగాక. ఆట ముగింపు అచ్చటనే జరుగనున్నది.

నల్లమంత్రి తెల్లకోటకు ఎదుట నిలిచెను. కాపాబ్లాంకా తన మంత్రి ముందరి బంటును ముందునకు నడపి, అంతవరకు బందీగానున్న శకటునకు వాకిలి తెరచెను. మార్షల్ గుర్రము తెల్లరాజును ఆనుకొనియున్న బంటును పట్టి అచ్చటనే నిలిచెను. దానిని మంత్రితో పట్టినచో నల్లశకటు దెబ్బలకు తెల్లకోట కూలును. మరల కాపాబ్లాంకా ఆశకు లోబడలేదు. ఏనుగును ఒక గడి ముందునకు నడపి ఊరకుండెను. మార్షల్ రెండవ శకటును కూడ బలికి పెట్టెను. దానిని బంటు పట్టెను. మొదటి శకటు తెల్లరాజునకు చెక్ చెప్పి, తరువాత ఆ రాజు ముంగిటనే కూర్చుండెను. తదుపరి ఎత్తులో ఆటకట్టు అగునను భయము. కాపాబ్లాంకా ఏనుగు నల్లగుర్రమును పట్టెను. నల్లమంత్రి మూలకు దుమికి చెక్ చెప్పెను. రాజు కోట విడిచి బయటపడెను. శకటు ఏనుగును పట్టెను.

ఇప్పుడు ఇరువది ఎత్తులు జరిగినవి. తెల్లరాజు నడివీథిలో ఒంటరిగానున్నాడు. నల్లశకటు అతని ప్రక్కనే చేతికందునట్లున్నది. ఎవడైనను దానిని పట్టుకొననెంచును. కాపాబ్లాంకా పట్టలేదు, పట్టినచో నల్లమంత్రి మొదటి వరుసవెంట సాగి, ఇంటనున్న అతని శకటును తినివేయును. కావున ఆ శకటునే ఒక గడి కదల్చెను. పిదప తన మంత్రిని నల్లమంత్రికి ఎదురుగా నిలిపి మార్పిడికి ఆహ్వానించెను. మంత్రులు పోయినచో దాడియు పోవును గనుక మార్షల్ ఒప్పుకొనలేదు. ఏనుగుతో ఒక చెక్, మంత్రితో ఒక చెక్ చెప్పెను. తెల్లరాజు తొణకక ఒక్కొక్క అడుగే నడచి, ఇరువది నాలుగవ ఎత్తున మంత్రి వైపునకు చేరి, తన పావుల నడుమ నిలిచెను.

అంతట దాడి చల్లారెను. లెక్క చూచుకొనగా తెల్లవాడు ఒక ఏనుగును పోగొట్టుకొని, దానికి బదులు ఒక శకటును, ఒక గుర్రమును సంపాదించుకొన్నాడు. మిగిలినది నిబ్బరముగా నడిపించుటయే. మంత్రి వైపు బంటులు ముందునకు సాగినవి. మొదటినుండి ఇంటనేయున్న గుర్రము 32వ ఎత్తున గాని కాలు కదపలేదు! బల్ల అంచున మొలచిన ఒక బంటు ప్రక్క వరుసలోనికి మారి, 35వ ఎత్తున మంత్రిగా మారుటకు ఒక్క అడుగు దూరములో నిలిచెను. 36వ ఎత్తున తెల్లశకటు నల్లరాజు ప్రక్కనున్న బంటును పట్టి చెక్ చెప్పెను. పదునాలుగవ ఎత్తుననే గురి పెట్టిన బంటు అది. ఇక ఎటు చూచినను కొలది ఎత్తులలో ఆటకట్టే. ఆట ముగిసెను. పోటీలో మొదటి స్థానము కాపాబ్లాంకాకు, రెండవది బోరిస్లావ్ కోస్టిచ్‌కు, మూడవది మార్షల్‌కు దక్కినవి.

ఫలితము వేరు, విలువ వేరు

ఆట గెలిచినది కాపాబ్లాంకాయే. కాని మార్షల్ ఆలోచన ఓడినదా? ఈ రెండును ఒకటియని భావించినచో, ఈ ఆరంభమును ఆనాడే పాతిపెట్టవలసియుండెను. చదరంగ పండితులు అట్లు చేయలేదు. ఆటను మరల మరల పరచి చూచి, తప్పు ఎచ్చట జరిగినదో వెదకిరి. తప్పు ఎనిమిదవ ఎత్తున లేదు. పదునొకండవ ఎత్తున ఉన్నది. నల్లవాడు నడుమనున్న గుర్రమును వెనుకకు మరల్పరాదు. మంత్రి ప్రక్కనున్న శకటు ముందరి బంటును ఒక గడి నడపి, ఆ గుర్రమునకు దన్ను ఇచ్చి, దానిని నడుమనే నిలుపవలయును. అప్పుడు దాడి నిలకడగా సాగును. పోయిన బంటునకు తగిన ఫలము దొరకును. ఈ దిద్దుబాటును తరువాతి కాలమున చేసినవాడు మార్షలే. ఓటమి అతనిని ఆలోచనకు దూరము చేయలేదు. ఆలోచనను సరిదిద్దుకొనునట్లు చేసినది.

ఆ దిద్దుబాటుతో మార్షల్ దాడి కొత్త జన్మమెత్తెను. 1965లో ప్రపంచ బిరుదునకు అర్హుని నిర్ణయించు తుదిపోటీలో బోరిస్ స్పాస్కీ, దాడులకు పెట్టినది పేరైన మిఖాయిల్ టల్ ఎదుట దీనిని పలుమార్లు ప్రయోగించి, ఆ పోటీని గెలిచెను. నేడు అగ్రశ్రేణి ఆటగాండ్రలో అనేకులు తెల్లపావులతో ఆడునప్పుడు ఈ దాడిని ఎదుర్కొనుటకంటె, అది రాకుండనే ఎనిమిదవ ఎత్తును మార్చుకొనుట మేలని తలచెదరు. వానిని ‘మార్షల్ నివారణములు’ అనుట కలదు. ఓడిన ఎత్తుగడను చూచి గెలువదలచినవారు ప్రక్కదారి పట్టుట గమనింపదగిన విషయము.

2004లో స్విట్జర్లాండునందలి బ్రిస్సాగోలో ప్రపంచ బిరుదు పోటీ జరిగినప్పుడు ఈ కథ తలక్రిందులుగా మరల జరిగెను. ఎనిమిదవ ఆటలో వ్లాదిమిర్ క్రామ్నిక్ తెల్లపావులతోను, పీటర్ లేకో నల్లపావులతోను ఆడిరి. లేకో మార్షల్ దాడినే ఎన్నుకొనెను. ఈసారి ఇంటివద్ద సిద్ధపడి వచ్చినది తెల్లవాడు. కంప్యూటరు సాయముతో పరిశీలించిన ఒక దారిని క్రామ్నిక్ ప్రయోగించెను. లేకో బల్లవద్దనే ఆలోచించి, ఆ సిద్ధపాటులో కానరాని మంత్రి ఎత్తునొకదానిని కనుగొనెను. 32 ఎత్తులలో క్రామ్నిక్ ఓటమి నంగీకరించెను. చివరి ఆట గెలిచి, 7–7 పాయింట్లతో సమానముగా నిలిచి, బిరుదును అతడు దక్కించుకొనెను గాని, ఆ ఎనిమిదవ ఆట మాత్రము మరుగుపడలేదు. 1918లో నల్లవాని సిద్ధపాటును తెల్లవాడు ఆలోచనతో జయించెను. 2004లో తెల్లవాని సిద్ధపాటును నల్లవాడు ఆలోచనతో జయించెను. ఆరంభము ఒకటే, గెలుపు మాత్రము రెండుసార్లును బల్లవద్ద ఆలోచించినవానికే దక్కెను.

కథయు నిజమును

ఈ ఆటను గూర్చి ఒక అందమైన కథ ప్రచారములో ఉన్నది. 1909 నాటి పరాభవమును మరువలేక, మార్షల్ తొమ్మిదేండ్లపాటు ఈ ఎత్తుగడను రహస్యముగా దాచి, కాపాబ్లాంకా కొరకే వేచియుండెనట. చదరంగ గ్రంథములలో ఈ కథ పదేపదే అచ్చయినది. కాని చరిత్రకారులు దీనిని అంత తేలికగా నమ్మలేదు. 1910కిని 1918కిని నడుమ కాపాబ్లాంకాపై ఈ దాడిని ప్రయోగించుటకు మార్షల్‌కు అవకాశములు వచ్చినను అతడు వినియోగించుకొనలేదు. పైగా 1917లోనే న్యూయార్కులో వేరొక ఆటగానితో ఆడుచు, ఇట్టిదే యగు బంటు బలిని అతడు బహిరంగముగా చేసియున్నాడు. ఇంకను వెనుకకు పోయినచో, 1893లో జర్మనీ ఆటగాడు వాల్‌బ్రోట్ హవానాలో ఇదే తలపును అమలుపరచినట్లు ఆటల దాఖలాలు చెప్పుచున్నవి. అప్పటికి కాపాబ్లాంకా పసిబాలుడు.

కావున తొమ్మిదేండ్ల పగ కథను కథగానే వినవలయును. అందువలన మార్షల్ ఘనత తరుగదు. ఒక తలపు ఎవరికి మొదట తోచినదను ప్రశ్న ఒకటి; దానిని పెద్ద సభలో, అజేయుడైన ప్రత్యర్థి ఎదుట, పేరు ప్రతిష్ఠలను ఒడ్డి పరీక్షకు పెట్టినవాడెవడను ప్రశ్న మరియొకటి. రెండవదానికి సమాధానము మార్షల్ పేరే. అందుచేతనే ఆ ఆరంభము అతని పేరున వెలసినది.

పాఠశాలలో లెక్క తప్పిన విద్యార్థి పలకమీద తుది సంఖ్యనే చూచి కొట్టివేయుట సులభము. ఐదవ మెట్టువరకు అతడు నడచిన త్రోవ సరియైనదై, ఆరవ మెట్టున మాత్రము కాలు జారియుండవచ్చును. ఆ మెట్టేదో చూపగల ఉపాధ్యాయుడు విద్యార్థి ఆలోచనను బ్రతికించినవాడగును. మార్షల్ ఆటను పరిశీలించినవారు చేసినది సరిగా ఇదియే. పదునొకండవ ఎత్తును దిద్దిరి, ఎనిమిదవ ఎత్తును నిలిపిరి.

కాపాబ్లాంకా 1921లో లాస్కరును ఓడించి ప్రపంచ విజేత ఆయెను. 1927లో అలెఖైన్ చేతిలో ఆ బిరుదును పోగొట్టుకొని, 1942లో కన్నుమూసెను. మార్షల్ 1944లో మరణించెను. 1915లో అతడు న్యూయార్కులో స్థాపించిన చదరంగ సంఘము అతని పేరుననే నేటికిని నడచుచున్నది. ఇరువురును పోయిన పిదప కూడ, ఏ దేశమునందో ఒక బల్లవద్ద, నల్లపావుల వెనుక కూర్చున్న ఒక యువకుడు ఎనిమిదవ ఎత్తున మంత్రి ముందరి బంటును ఒక గడి నడపుటయా, రెండు గడులు నడపుటయా యని వేలు ఎత్తి క్షణకాలము ఆగుచునే యున్నాడు.